కొత్త కరణాలు

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో కరణాల్నీ మునసబుల్నీ ఇంటికి పంపించేసింది. మా తరానికది విన్న కథే తప్ప చూసింది కాదు. పెద్దవాళ్లు చెప్పేదాన్ని బట్టి, దున్నేది మనం, పండించేది మనం, శిస్తు కట్టేది మనం. కానీ ఆ పొలం ఎవరిదంటే చెప్పాల్సింది మాత్రం కరణంగారి సంచిలో ఉన్న అడంగలు. ఆయన మంచివాడైతే సరే. కాకపోతే ఒక్క కలం గీతతో రెండెకరాలు కాస్తా ఎకరన్నర అయిపోయేది. (ఇది ఏ కులాన్నీ ఉద్దేశించి అంటున్నది కాదు మహాప్రభో! మంచి కరణాలూ బోలెడుమంది ఉండేవారు. ఇక్కడ గొడవ మనిషి మంచితనం గురించి కాదు, పుస్తకం ఎవరి సంచిలో ఉందన్నదాని గురించి.)

పోయారనుకున్న ఆ కరణాలు మళ్లీ వచ్చారు. ఈసారి భుజాన లాప్‌టాప్ సంచీ ఉంది. విజిటింగ్ కార్డు మీద "వెబ్ డిజైనింగ్ అండ్ డిజిటల్ మార్కెటింగ్ సొల్యూషన్స్" అని ఉంది. నోట్లో ఒక మంత్రం ఉంది: "అన్నీ మేమే చూసుకుంటాం సార్, మీరేం టెన్షన్ పడొద్దు."

ఆ మాట వినగానే టెన్షన్ పడండి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

బయటినుంచి రాళ్లేస్తున్నాననుకునేరు. నాదీ అదే వ్యాపారం. పదకొండేళ్లు హైదరాబాదులో జావా రాసి, 2020 లాక్‌డౌన్‌లో ఊరికొచ్చి, మళ్లీ వెళ్లబుద్ధి కాక రావికమతంలో ఒక మేడమీద గదిలో చిన్న వెబ్ డిజైన్ దుకాణం పెట్టాను. నేను, ఒక డిజైనరమ్మాయి, ఫోటోలూ యాడ్సూ చూసే ఒక కుర్రాడు. అంతే కంపెనీ. మా ఊరు తెలియనివాళ్లకి చెప్తా: చోడవరం నియోజకవర్గంలో మండల కేంద్రం, 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఆ తర్వాత కొత్తగా వచ్చిన అనకాపల్లి జిల్లా. కల్యాణపులోవ రిజర్వాయరు పేరు విన్నారా? అది మా మండలమే. చెరకు, బెల్లం, జీడిమామిడి - మా వైపు వ్యాపారమంటే ఎక్కువగా వీటి చుట్టూ తిరిగేదే.

ఇలాంటి చోట వెబ్‌సైట్లెవరు చేయించుకుంటారు అని మీకు నవ్వు రావచ్చు. చేయించుకుంటారు. బెల్లం టోకు వ్యాపారి చేయించుకుంటాడు, ఎందుకంటే అతని సరుకు ఒడిషా, ఛత్తీస్‌గఢ్ దాకా పోతుంది. ప్రైవేటు స్కూలువాళ్లు చేయించుకుంటారు. జీడిపప్పు అమ్మేవాళ్లు, మాడుగుల హల్వా పార్సిలు పంపేవాళ్లు, కల్యాణ మండపాల వాళ్లు. వీళ్లెవరికీ కంప్యూటరు రాదు. అందులో తప్పేం లేదు, నాకు చెరకు గానుగ ఆడటం రాదు. కానీ ఆ రాకపోవడం మీదే మా వ్యాపారమంతా కూర్చుని ఉంది. అదీ నా బాధ.

ఎలాగంటే, ఒక మామూలు సైటుకి ఎన్ని తాళాలుంటాయో లెక్కపెట్టండి. డొమైను పేరు, హోస్టింగు, సైటు లోపలికి వెళ్లే పాస్‌వర్డు, మెయిళ్లు, గూగుల్ మ్యాపులో దుకాణం ప్రొఫైలు, యాడ్స్ అకౌంటు, ఫేస్‌బుక్ పేజీ. ఏడు. మా దగ్గరికి ఇంతకుముందే సైటు ఉండి వచ్చిన కస్టమర్లలో ఈ ఏడు తాళాలూ తన చేతిలో ఉన్నవాణ్ణి నేను ఇంతవరకూ ఒక్కణ్ణీ చూడలేదు. ఎక్కువమందికి డొమైను కూడా తమ పేరు మీద లేదు. ఏజెన్సీవాడు తన జీమెయిల్‌తో, తన పేరుతో, తన అకౌంటులో రిజిస్టరు చేసి పెట్టుకున్నాడు. బిల్లు మాత్రం కస్టమరు పేరు మీద ఉంటుంది, అందులో "డొమైన్ ఛార్జెస్" అని ఒక వరసా ఉంటుంది. డబ్బులు కట్టింది ఒకడు, పట్టా ఇంకొకడిది.

మనలో చాలామందికి కూబర్‌నెటీస్ తెలుసు గానీ డొమైను గడువు తీరాక ఏమవుతుందో తెలీదు, కాబట్టి కాస్త చెప్తా. .కామ్ పేరు గడువు తీరాక రిజిస్ట్రారు 45 రోజులదాకా గ్రేసు ఇవ్వచ్చు. ఇచ్చి తీరాలని లేదు, చాలామంది ఈలోపే ఆ పేరుని వేలానికి పెట్టేస్తారు. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్. ఇందులో వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ మామూలు ధరకి ఎన్నో రెట్లు గుంజుతారు. ఆ మీదట 5 రోజులకి పేరు ఊరి మీద పడుతుంది, ఎవడికి దొరికితే వాడిదే. ఈ మధ్యలో హెచ్చరిక మెయిళ్లు వస్తాయి, నిజమే. ఎవరికొస్తాయి? రిజిస్టరులో ఎవరి మెయిలుంటే వాళ్లకి. అంటే కరణంగారికి.

మా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన సంగతి చెప్తాను. బెల్లం వ్యాపారం. 2016లో ఏదో ఏజెన్సీవాళ్లొచ్చి వాళ్ల నాన్నగారి పేరుతో సైటు చేశారట. అట్టపెట్టెల మీద, లెటర్‌హెడ్డు మీద, వ్యాను వెనకాల, అన్నిచోట్లా ఆ సైటు పేరే అచ్చేయించుకున్నాడు. 2022లో ఏజెన్సీవాళ్ల ఫోను పలకడం మానేసింది. సైటు కనపడ్డం మానేసింది. కొన్నాళ్లకి మళ్లీ కనపడింది. కానీ బెల్లం లేదు, ఆన్‌లైన్ జూదం ఉంది. గడువు తీరిన పేర్లని పట్టుకుని జూదం దుకాణాలు పెట్టే ముఠాలు ప్రపంచమంతా ఉన్నాయి. పాత పేరుకి గూగులమ్మ దగ్గర కాస్త పరువుంటుంది కదా, ఆ పరువు కోసం. బరంపురం నుంచి పాత గిరాకీ ఒకాయన ఫోను చేసి "ఏం సేట్, బెల్లం మానేసి పేకాట పెట్టారా?" అని అడిగేదాకా ఈయనకి సంగతే తెలీదు.

నా దగ్గరికొచ్చి కూర్చుని, "ఏటి బాబూ, డబ్బులు నేను కట్టాను, పేరు మా నాన్నది. మరి ఆడిదెలగైపోనాది?" అన్నాడు.

"రిజిస్టరులో మీ పేరు లేదు బాబాయ్."

"రిజిస్టరా? అదెక్కడుంటాది, ఎమ్మార్వో ఆఫీసులోనా?"

ఏం చెప్పమంటారు? చట్టపరంగా దారి ఉందా అంటే ఉంది. .కామ్ పేర్ల తగాదాలకి 1999 నుంచీ ఐకాన్ వాళ్ల యూడీఆర్‌పీ అనే పద్ధతి ఉంది. జెనీవాలోని వైపో దగ్గర ఒకే మధ్యవర్తితో కేసు వేయడానికి ఫీజు 1,500 డాలర్లు. పైగా ఆ పేరు మీద మనకి ట్రేడ్‌మార్కు హక్కుందని రుజువు చెయ్యాలి. ఆయనకి ట్రేడ్‌మార్కు ఎక్కడిది? ఊళ్లో నాన్నగారి పేరు అందరికీ తెలుసు, అంతే. కొత్త పేరు కొన్నాం. అట్టపెట్టెలు కొత్తగా అచ్చేయించాడు. పాత గిరాకీలకి ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పుకున్నాడు. పాత పేరు మీద ఇప్పటికీ జూదమే నడుస్తోంది.

మావాళ్లకి ఇలాంటిది కొత్తేం కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్ తెలుసుగా? అక్కడ వర్తకుడు రైతుకి ముందే అడ్వాన్సు ఇస్తాడు. తీసుకున్న రైతు తన బెల్లం ఆ వర్తకుడి దుకాణానికే తోలాలి. రేటు నచ్చకపోయినా పక్క దుకాణానికి పోవడానికి లేదు. దీన్ని ఎంతమంది ఎన్నిసార్లు తిట్టారో లెక్కలేదు. కానీ ఒక్క విషయం ఒప్పుకోవాలి, ఆ వర్తకుడు కట్టేసుకోవడానికి ముందు డబ్బిచ్చాడు. మా వెబ్ డిజైనింగు మహానుభావులు డబ్బు తీసుకుని మరీ కట్టేస్తున్నారు!

ఈ మాటే ఒకసారి నా పాత స్నేహితుల దగ్గరంటే, "నీకు బిజినెస్ తెలీదురా, దాన్ని లాక్-ఇన్ అంటారు. పెద్ద పెద్ద క్లౌడ్ కంపెనీలు చేసేదదే కదా" అన్నారు. కాదు. అస్సలు కాదు. క్లౌడ్ కంపెనీ మీద మీకెంత కోపమొచ్చినా మీ అకౌంటు మీ పేరు మీదే ఉంటుంది. మీ డేటా మీరు దించుకుని వెళ్లిపోవచ్చు. కష్టం, ఖర్చు, కానీ వెళ్లొచ్చు. మీ కంపెనీ పేరే వాళ్ల దగ్గర తాకట్టులో ఉండదు. డొమైను విషయంలో కూడా ఐకాన్ నియమం స్పష్టంగా ఉంది: యజమాని అడిగితే బదిలీ కోడ్ రిజిస్ట్రారు 5 రోజుల్లోపు ఇవ్వాల్సిందే. పేరుని పట్టుకుని ఎవరూ బెదిరించకూడదనే ఆ నియమం పెట్టారు. అందుకే మావాళ్లు ఇంకో మెట్టు కిందికి దిగి, యజమాని గడిలోనే తమ పేరు రాసేసుకున్నారు. నియమం ఎక్కడికక్కడ భద్రంగా ఉంది, కస్టమరే దాని బయట ఉన్నాడు.

ఇంకో వాదన ఉంది, అది కాస్త బలమైనదే. "మేం సైటు చేసిచ్చాక డబ్బులు ఎగ్గొడితే ఏం చెయ్యాలి? డొమైను మా దగ్గరుంటేనే కదా మాకు భరోసా" అంటారు. బాకీల బాధ నాకు తెలీకేం కాదు. సైటు నచ్చింది అని మిఠాయి పెట్టి, మిగతా సగం డబ్బుకి సంక్రాంతి, సంక్రాంతి పోయాక ఉగాది అనేవాళ్లని రోజూ చూస్తుంటాను. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థకి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, ఆలస్యమైతే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. పన్నెండు వేల బాకీ కోసం, అదీ రోజూ టీ కొట్టు దగ్గర ఎదురుపడే మనిషి మీద ఎవరు కేసు వేస్తారు?

దానికి మందు అడ్వాన్సు. సగం ముందు, పావు డిజైను చూపించాక, పావు సైటు పైకి ఎక్కించే రోజున. ఎక్కించేదాకా మా పని మా కంప్యూటర్లోనే ఉంటుంది. డబ్బు రాకపోతే మా పని మేం ఇవ్వం, అది న్యాయం. టైలరు కుట్టిన చొక్కా పట్టుకుని కూర్చోవచ్చు. మీ ఇంటి దస్తావేజు పట్టుకుని కూర్చోడానికి వీల్లేదు. ఈ తేడా చదువు రానివాడికి కూడా తెలుసు. ఇంజినీరింగు చదివినవాళ్లకే చెప్పాల్సొస్తోంది.

ఇక ఆన్‌లైన్ మార్కెటింగ్ అనే రెండో అంకానికొద్దాం. ఇక్కడ మంత్రం వేరు: "గూగుల్లో ఫస్ట్ పేజీ గ్యారంటీ."

గూగుల్ తన సొంత సహాయపు పేజీల్లో, మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని రాసి పెట్టింది. ఏళ్లనుంచీ ఉంది ఆ ముక్క. అయినా గ్యారంటీలు ఆగలేదు. ఎందుకంటే ఈ గ్యారంటీ నెగ్గించుకోవడం చాలా తేలిక. "బెస్ట్ ఆర్గానిక్ జాగరీ హోల్‌సేల్ సప్లయర్ ఇన్ రావికమతం మండల్" అని వెతికితే మీ సైటు మొదట రావాలా? వారంలో తెప్పిస్తాను. ఆ మాట ఈ సృష్టిలో ఎవడూ వెతకడు కాబట్టి పోటీయే లేదు. నెలనెలా ఒక పీడీఎఫ్ పంపిస్తారు, అందులో ఇలాంటివి ఇరవై, పక్కన ఆకుపచ్చ బాణాలు. కస్టమరు మురిసిపోతాడు. ఫోను మాత్రం మోగదు. (అసలు మా ఊరి పేరే ఇంగ్లీషులో రావికమతం, రావికమథం అని రెండు మూడు స్పెల్లింగులతో రాస్తారు. జనం ఏది కొడతారో చూసుకున్న ఏజెన్సీ ఇంతవరకూ నాకు తగల్లేదు.)

ఇంకొందరు ఉంటారు, వాళ్లు నిజంగానే పైకి తెస్తారు. ఎలాగో మా వైపు వాళ్లకి ఒక్క మాటలో చెప్తాను: హైడ్రోస్. బెల్లం దిమ్మ రంగుని బట్టి రేటు పలుకుతుంది. అందుకని వండేటప్పుడు హైడ్రోస్ వేసి రంగు తెప్పించే అలవాటు ఉంది. మార్కెట్‌కి చేరేదాకా పసుపుపచ్చగా మిలమిలా మెరుస్తుంది, కొన్నాళ్లు నిలవుంటే రంగు దిగిపోతుంది. తిన్నవాడి సంగతి సరే సరి. దొంగ లింకులు కొనడం, పక్క సైటు సరుకు ఎత్తుకొచ్చి పేజీలు నింపడం, ఇవన్నీ హైడ్రోసే. 2011 ఫిబ్రవరిలో పాండా, 2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ అని గూగుల్ రెండు మార్పులు తెచ్చింది. పాండా నాసిరకం పేజీలని, పెంగ్విన్ కొన్న లింకులని కిందికి తోసింది. దాంతో అప్పటిదాకా ఫస్ట్ పేజీలో ఊరేగిన సైట్లెన్నో ఒక్క దెబ్బకి కనపడకుండా పోయాయి. ఏజెన్సీవాడికేం? వాడి పీడీఎఫ్ డబ్బులు వాడికి ఎప్పుడో ముట్టాయి. మునిగింది సైటు ఓనరు. 2016 సెప్టెంబరు నుంచి పెంగ్విన్ గూగుల్ అసలు యంత్రంలోనే భాగమైపోయింది. ఇంత జరిగాక కూడా "వెయ్యి బ్యాక్‌లింకులు, రెండు వేలు మాత్రమే" అని నాకే వాట్సప్ మెసేజీలొస్తున్నాయి.

యాడ్స్ దగ్గర జరిగేది మరీ ఘోరం. ఉదాహరణకి కస్టమరు నెలకి పదివేలిస్తాడు. అందులో గూగుల్‌కి ఎంత కడుతున్నారో, వీళ్ల కూలి ఎంతో అతనికి తెలీదు. నాలుగు వేలు అటు, ఆరు వేలు ఇటు అయినా అడిగేవాడు లేడు, ఎందుకంటే యాడ్స్ అకౌంటు ఏజెన్సీ పేరు మీదుంది. చాలామందికి తెలీని సంగతేమిటంటే, ఇతరుల తరఫున యాడ్స్ నడిపేవాళ్లకి గూగుల్ సొంత నియమాలే ఉన్నాయి. కూలి తీసుకుంటున్నట్టయితే ఆ సంగతి కస్టమరుకి చెప్పాలి. ఎంత ఖర్చయింది, ఎన్ని క్లిక్కులు, ఎన్నిసార్లు కనపడింది అన్న లెక్క చూపించాలి. అడిగితే అకౌంటు నంబరు ఇవ్వాలి. ఈ మూడు ముక్కలూ ఏ సేల్స్ కుర్రాడి నోటివెంటా నేను వినలేదు. మేం చేసేదేంటంటే, అకౌంటు కస్టమరు పేరున తెరిచి, అతని కార్డు పెట్టించి, మేం మేనేజరుగా లోపలికి వెళ్తాం. బిల్లు గూగుల్ నుంచి నేరుగా అతనికే వస్తుంది. జీఎస్టీ నంబరుంటే ఆ 18 శాతం లెక్కలో అతనికే జమ. మా కూలి మేం వేరే కాగితం మీద రాసి తీసుకుంటాం. దీనివల్ల కస్టమరు మా కూలి చూసి "ఇంతా?" అంటాడు. అంటే అననివ్వండి, బేరమాడే హక్కు అతనికుంది.

ఇదంతా చెప్తే, "పోనీ ఈ గొడవంతా లేకుండా గూగుల్ ఉచితంగా ఇచ్చేది వాడుకోవచ్చుగా" అంటారు కొందరు. వాడుకున్నారు పాపం. 2011 నవంబరులో గూగుల్ మనదేశంలో చిన్న వ్యాపారులకి ఏడాదిపాటు ఉచితంగా .ఇన్ పేరూ సైటూ ఇస్తామని ఒక పథకం పెట్టింది. 2017 జనవరిలో సుందర్ పిచాయ్ ఢిల్లీ వచ్చి దుకాణం ప్రొఫైలుతోపాటే ఉచితంగా సైటు చేసుకోవచ్చని ప్రకటించాడు. ఆ సైట్లన్నీ 2024 మార్చిలో మూతపడ్డాయి. ఆ పేజీ లింకునే కార్డుల మీద అచ్చేయించుకున్నవాళ్లు మళ్లీ ప్రెస్సుకి పరిగెత్తారు. అంతకుముందు 2009 అక్టోబరులో యాహూ జియోసిటీస్ మూసేసినప్పుడూ ఇదే కదా అయింది. కంపెనీని తప్పుబట్టను, ఉచితంగా ఇచ్చింది, మానేసింది. సొంత పేరున్నవాడు మాత్రం హోస్టింగు ఎక్కడికి మార్చినా అదే చిరునామాతో బతికాడు. ఏడాదికి వెయ్యి, పన్నెండొందల ఖర్చు. వెరిసైన్ 2024 సెప్టెంబరులో .కామ్ టోకు ధర పెంచితే అయింది 10.26 డాలర్లు. ఇంత చవకైన దాన్ని అడ్డం పెట్టుకుని ఒక మనిషి వ్యాపారాన్నంతా గుప్పిట్లో పెట్టుకుంటున్నారంటే చూడండి.

2025 అక్టోబరులో విశాఖలో గూగుల్ డేటా సెంటరు అని ప్రకటన వచ్చింది, 15 బిలియన్ డాలర్లన్నారు. స్థలాల్లో మా అనకాపల్లి జిల్లా రాంబిల్లి కూడా ఒకటి. ఆ వారమంతా మా ఊళ్లో ఎవరు కనపడినా "ఇంకేం, గూగుల్ మీ పక్కకే వచ్చేస్తోందిగా" అని అభినందనలు! సంతోషమే. రాంబిల్లిలో ఎన్ని సర్వర్లు పెట్టినా రావికమతం వ్యాపారి డొమైను ఇంకొకడి జీమెయిల్లో ఉంటే ఆయనకి ఒరిగేదేంటో మాత్రం నాకర్థం కాలేదు.

ఇప్పుడు మీ వంతు. అవును, మీరే. హైదరాబాదులో, బెంగుళూరులో, డాలస్‌లో కూర్చుని ఇది చదువుతున్నవాళ్లు. "మేమేం ఏజెన్సీవాళ్లం కాదు, మాకేంటి" అనుకుంటున్నారేమో. మీ బావగారి స్కూలు సైటు ఎవరు చేశారు? మీ మావయ్య రైసుమిల్లు సైటు? పండక్కి ఊరొచ్చినప్పుడు, "ఎందుకు మావయ్యా ఏజెన్సీలకి వేలకి వేలు, నేను రెండు గంటల్లో చేసిస్తాను" అని 99 రూపాయల సేల్లో డొమైను కొని, మీ మెయిలు ఇచ్చి, మీ అమెరికా క్రెడిట్ కార్డు పెట్టి, ఏదో ఉచిత టెంప్లేటు ఎక్కించి వెళ్లిపోయారు. మూడేళ్లకి ఆ కార్డు గడువైపోయింది, ఆ మెయిలు మీరు చూడటం మానేశారు. మావయ్య మీకు ఫోను చెయ్యడానికి మొహమాటపడి, తెల్లారి ఎన్నింటికి చేస్తే అమెరికాలో మెలకువగా ఉంటారో లెక్కేసుకుంటూ కూర్చున్నాడు. ఏజెన్సీవాడు దురాశతో చేసింది మీరు ప్రేమతో చేశారు. మావయ్య వైపు నుంచి చూస్తే రెంటికీ తేడా లేదు. ఏజెన్సీవాణ్ణయితే కనీసం తిట్టుకోవచ్చు.

"అతనికి ఇస్తే పాస్‌వర్డు పోగొట్టుకుంటాడు కదా" అంటారు. పోగొట్టుకుంటాడు. నిజంగానే పోగొట్టుకుంటాడు. మా దగ్గర ఒక కస్టమరు ఏడాదిలో మూడు సిమ్ములు మార్చాడు, ప్రతిసారీ ఓటీపీ పాత నంబరుకే పోయేది. అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. సైటు పైకెక్కిన రోజున కస్టమరు పేరుతో ఒక జీమెయిలు, దానికి అతనితోపాటు ఇంట్లో ఇంకొకరి నంబరు. అన్ని తాళాలూ ఆ మెయిలు మీదే. రికవరీ కోడ్లు కాగితం మీద అచ్చేసి, కవర్లో పెట్టి, అతికించి, పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడ పెడతారో అక్కడే పెట్టండి అని చెప్తాం. ఈ ఒక్క పోలికతో అందరికీ అర్థమవుతుంది, ఇంకేం వివరించక్కర్లేదు. సర్వే నంబర్లు రానివాడు కూడా పాసుపుస్తకం పోగొట్టుకోడు. విలువ తెలిస్తే దాచుకుంటారు, తెలియనివ్వకుండా ఉంచింది మనం.

ఇలా చేస్తే వ్యాపారం నడుస్తుందా అంటే, నత్తనడక నడుస్తోంది. తాళాలిచ్చేశాక మన దగ్గరే ఉండటానికి కస్టమరుకి ఒక్కటే కారణం మిగుల్తుంది, నెలనెలా మనం ఏదో పనికొచ్చేది చెయ్యడం. కొత్త ధరలు ఎక్కించడం, సరుకు ఫోటోలు తియ్యడం, ఒడియాలో, హిందీలో నాలుగు ముక్కలు రాయించడం, మ్యాపులో గుర్తు సరిగ్గా దుకాణం మీదే ఉందో పక్కింటి మీదుందో చూడటం, రివ్యూలకి జవాబులివ్వడం. తెలుగులో యాడ్స్ ఇవ్వడానికి గూగుల్ 2018లోనే వీలు కల్పించింది. మేం ఇస్తుంటాం, ఇంగ్లీషు యాడ్స్ కంటే మా వైపు వాటికే ఫోన్లు ఎక్కువొస్తున్నాయి. ఇది చాకిరీ, చాకిరీకి తగ్గ డబ్బే వస్తుంది. డొమైను పట్టుకుని ఏడాదికోసారి "రెన్యువల్ ఎనిమిది వేలు" అని ఫోను చేసినంత హాయిగా ఉండదు.

కొందరికి సైటే అక్కర్లేదు, ఆ ముక్కా చెప్పేస్తాం. కిరాణా కొట్టుకి ఎందుకు? 2018లో వచ్చిన వాట్సప్ బిజినెస్ పెట్టుకుని, మ్యాపులో పేరూ, వేళలూ సరిగ్గా ఉంచుకుంటే చాలు. షామియానాలు అద్దెకిచ్చే ఒకాయన పదిహేను వేలు చేత్తో పట్టుకుని వస్తే, గంట కూర్చోబెట్టి మ్యాపు ప్రొఫైలు చేసి, అయిదొందలు తీసుకుని పంపించాం. మా డిజైనరమ్మాయి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు, ఆ నెల దాని జీతం ఆలస్యమైంది మరి.

పోయిన నెల్లో మా పాత కస్టమరొకాయన సిటీలో వేరేవాళ్లతో మాట్లాడుకున్నానని ఫోను చేశాడు. కాస్త ఇబ్బందిపడుతూనే చెప్పాడు. డొమైను ఆయన పేరు మీదే ఉంది, కాబట్టి ఆపడానికి నా దగ్గరేం లేదు. ఏ బటను నొక్కితే బదిలీ కోడ్ వస్తుందో చెప్పాను, సైటు ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవులో పెట్టిచ్చాను. కొత్త సైటు చూశాను. మేం చేసినదానికంటే బావుంది, రంగులు మరీ బావున్నాయి. ఫోను నంబర్లో మాత్రం ఒక అంకె తప్పు పడింది. ఫోను చేసి చెప్పాను, మార్పించుకున్నాడు.